సీసం పెల్లెట్లకి తెల్లపొడి పడితే కడిగి వాడొచ్చా?

రెండేళ్ల కిందటి ఎయిర్ రైఫిల్ పెల్లెట్ల (చిన్న సీసం గుళ్ల) డబ్బా తెరిస్తే తెల్లపొడి కనిపించిందని, కడిగి వాడుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. ముందు మూత పెట్టేయండి. ఆ పొడి సీసానిదే, విషం; నోటితో మాత్రం ఊదకండి.

నేను ఆ పని చేసినవాణ్ణే. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచాక రైఫిల్ పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మియాపూర్‌లో కొత్త ఫ్లాట్‌కి మారినప్పుడు కప్‌బోర్డులు చేయించాం. ప్లైవుడ్ వాసన, అంచులకి కొట్టిన సిలికాన్ పుల్లటి ఘాటు నెలైనా పోలేదు. పై అరలో 500 పెల్లెట్ల డబ్బా ఒకటి పడేసి మర్చిపోయాను. వానాకాలం దాటాక తీస్తే పెల్లెట్లకి విభూతి పూసినట్టు ఉంది, వెనక బోలుగా ఉండే స్కర్ట్‌లో మరీ దట్టంగా. ఉఫ్‌మని ఊదాను, పొడంతా కళ్లద్దాల మీద పడింది. అదే రోజు కొన్న రెండో డబ్బా ఇనప బీరువాలో ఉంది. దానికి ఏమీ కాలేదు.

తేడా అంతా ఆ పుల్లటి వాసనలోనే ఉంది. కొత్త చెక్క నుంచీ, కొన్ని రకాల సిలికాన్ నుంచీ వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లమే ఆవిరిగా వస్తుంది. చెమ్మ కూడా తోడైతే అది సీసాన్ని తింటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని తెల్లటి కార్బనేట్‌గా మార్చేస్తుంది. అప్పుడు ఆమ్లం మళ్లీ విడుదలై పక్క సీసం మీద పడుతుంది. పాలకి తోడు వేసినట్టే, కొంచెం చాలు. పూర్వం రంగుల్లో వాడిన సీసపు తెలుపు ఇదే. యూరప్‌లో సీసం రేకుల్ని వెనిగర్ కుండల్లో పెట్టి, పేడలో పాతిపెట్టి మరీ తయారుచేసేవాళ్లు. మనకి కప్‌బోర్డే సరిపోయింది!

గుళ్లు సొంతంగా పోతపోసుకునేవాళ్లకి ఇంకో తెలుపు కూడా కనిపిస్తుంది, అది గుళ్లకి జారుడు కోసం పూసిన మైనం పైకి తేలడం. హెయిర్ డ్రయర్ వెచ్చదనానికి కరిగి మాయమైతే మైనమే, భయం లేదు. పొడి అలాగే ఉంటే సీసమే.

కక్కుర్తిపడి ఓ పదింటిని తడిగుడ్డతో తుడిచి షూటింగ్ రేంజ్‌లో కొట్టి చూశాను. టార్గెట్ నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, నా గుళ్లు దాని చుట్టూ ఊరేగాయి. స్కర్ట్ అంచు తినేశాక గాలి సమానంగా పట్టదు కదా.

మిగతా డబ్బాని కవర్లో కట్టి, రేంజ్‌లో వాడేసిన సీసం పోగేసే చోట ఇచ్చేశాను. మీరూ గ్లౌజులు వేసుకోండి, అరని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. వంటింటి సింక్ జోలికి అసలు వెళ్లకండి, ఆ విషయంలో మా ఆవిడ చేత నేను తిన్న చీవాట్లు చాలు.