ఎలాగూ పాసయ్యే బిల్లు మీద పార్లమెంటులో చర్చ ఎందుకు?

ప్రశ్న: మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఏ బిల్లు పెట్టినా పాసవుతుంది. మరి కొత్త నేరాలు, కొత్త శిక్షలు తెచ్చే బిల్లుల మీద పార్లమెంటులో గంటలకొద్దీ చర్చ జరిగితే సామాన్యుడికి ఒరిగేదేమిటి?

నేను కింది కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. ఎక్కువగా ముద్దాయిల తరఫున, అప్పుడప్పుడు బాధితుల తరఫున నిలబడతాను. ఇదే ప్రశ్న క్లయింట్లు కూడా వేస్తుంటారు. చాలా ఒరుగుతుందనే చెబుతాను. సభలో తేలాల్సిన సంగతి అక్కడ తేలకపోతే, తర్వాత ఎప్పుడో అది కోర్టు హాల్లో తేలాలి. అప్పుడు ఆ ఖర్చు, ఆ వాయిదాలు, ఆ టెన్షన్ అన్నీ ఎవరో ఒక మామూలు మనిషి నెత్తిన పడతాయి. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, ఇంటికి ఒక్క సంపాదనపరుడు, భర్త పోయిన భార్య, అందరూ ఆ బరువు మోయడం దగ్గరుండి చూస్తున్నాను కాబట్టి ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

ఒక్క సెక్షన్ ఎలా తయారైందో చెబుతాను. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే పాత ఐపీసీలో 304ఏ పెట్టేవారు. గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. రోడ్డు ప్రమాదాల్లో మరణం జరిగితే ఎక్కువగా దీని కిందే కేసు. 2023 ఆగస్టు 11న హోంమంత్రి అమిత్ షా లోక్‌సభలో మూడు క్రిమినల్ బిల్లులు ప్రవేశపెట్టారు. వాటిలో ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత బిల్లు ఈ నేరానికి శిక్షను ఏకంగా ఏడేళ్ళకు పెంచింది. బిల్లులు బ్రిజ్‌లాల్ అధ్యక్షుడిగా ఉన్న హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి, అంటే బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీకి వెళ్ళాయి. ఏడేళ్ళు ఎక్కువ, ఐదుకు తగ్గించండని ఆ సంఘం సిఫారసు చేసింది. డిసెంబరు 12న ప్రభుత్వం పాత బిల్లులు వెనక్కి తీసుకుని కొత్తవి పెట్టినప్పుడు అందులో ఐదేళ్ళే ఉంది.

ఏడైనా ఐదైనా ఒకటే కదా అనుకోవద్దు. ఆ మూడింటిలోనే మరొకటైన కొత్త ప్రొసీజర్ చట్టంలో మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, కేసు కట్టే ముందే పోలీసులు పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చు. ఏడేళ్ళు, ఆపైన ఉంటే ఆ వెసులుబాటు లేదు. అంటే స్థాయీ సంఘం మార్పించిన ఒక్క అంకె వల్ల స్టేషన్లో మనిషి పరిస్థితే వేరవుతుంది. ఈ మార్పు టీవీలో రాలేదు. నేను కూడా సంఘం నివేదిక చదివితేనే తెలిసింది.

తర్వాత, డిసెంబరు 20న లోక్‌సభలో ఈ బిల్లు పాసవుతుండగా డాక్టర్ల కోసం అధికారిక సవరణ తెచ్చారు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ (పొడి అక్షరాల్లో ఆర్‌ఎంపీ) వైద్యం చేస్తున్నప్పుడు నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే, ఐదేళ్ళు కాదు, రెండేళ్ళు. వైద్య సంఘాలు అడిగిన విషయమే. సవరణ మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ అలాంటి సవరణ మీద కూడా క్లాజు దగ్గర ఆగి నాలుగు ప్రశ్నలు వేసి ఉండాల్సింది. ఆమధ్య ఒక ఊళ్ళో ఆర్‌ఎంపీగా సూదిమందులు వేసే ఆయన నా దగ్గరకు వచ్చి, 'మాకు రెండేళ్ళేనటగా సార్' అన్నారు. కాదండీ, నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం గుర్తించిన అర్హత ఉండి, ఆ చట్టం కింద రిజిస్టర్లో పేరుండాలని సెక్షన్ వివరణలోనే ఉంది, అది మీకు వర్తించదు అని చెప్పాల్సి వచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అన్న మూడక్షరాలు ఉంటే డాక్టరుగా చెల్లుతారు, చట్టం దగ్గర చెల్లరు. మరి దంత వైద్యులు, ఆయుర్వేద, హోమియో డాక్టర్లు వేరే చట్టాల కింద రిజిస్టర్ అవుతారు, వాళ్ళ సంగతేమిటి? ఈ ప్రశ్న అడగాల్సిన చోటు సభ. ఇక మీదట కోర్టుల్లో అడుగుతారు.

సంహితలో 106వదైన ఇదే సెక్షన్లో రెండో భాగం ఉంది, 106(2). ర్యాష్‌గా బండి నడిపి మనిషి చావుకు కారణమై, వెంటనే పోలీసుకో మెజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు జైలు. బిల్లు చర్చకు వచ్చే వేళకు ప్రతిపక్షం బెంచీలు సగం ఖాళీ. ఆ శీతాకాల సమావేశాల్లో ఉభయ సభల నుంచి మొత్తం 146 మంది సభ్యులు సస్పెండయ్యారు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ మూజువాణి ఓటుతో ఆమోదించాయి. 25న రాష్ట్రపతి సంతకం కూడా అయిపోయింది.

వారం తిరగకుండా లారీలు ఆగిపోయాయి. 2024 జనవరి 2న హైదరాబాద్ పెట్రోల్ బంకుల దగ్గర లైన్లు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో నా ఫోను మోగుతూనే ఉంది. డ్రైవర్లు అడిగిన ప్రశ్నలు ఎంత సూటిగా ఉన్నాయో! 'అక్కడ ఆగితే జనం చంపేస్తారు సార్, ముందు ప్రాణం దక్కించుకుని పది కిలోమీటర్లు పోయాక స్టేషన్‌కి వెళ్తే పారిపోయినట్టా? ఫోన్ చేస్తే చెప్పినట్టేనా, మనిషి వెళ్ళాలా? ఎన్ని గంటల్లోపు?' ఇవి క్లాజుల వారీగా బిల్లును పరిశీలించేటప్పుడు సభ్యులు మంత్రిని నిలదీసి అడగాల్సినవి. బడి మధ్యలో మానేసిన డ్రైవరుకు తట్టిన ప్రశ్న సభకు ఎందుకు తట్టకూడదు? చివరికి హోంశాఖ కార్యదర్శి రవాణా సంఘంతో కూర్చుని, మీతో సంప్రదించాకే అమలు చేస్తామని చెప్పారు. ఆ తర్వాత నెలలో వచ్చిన నోటిఫికేషన్ 2024 జులై 1 నుంచి సంహితను అమల్లోకి తెస్తూ ఈ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. ఇక్కడ ప్రభుత్వం రోడ్డు మీదివాళ్ళ మాట విన్నందుకు సంతోషమే. అదే మాట సభలో ముందే వచ్చి ఉంటే బంకుల ముందు ఆ అవస్థ ఉండేది కాదు.

దీన్ని ఒక పార్టీకి అంటగట్టకండి. 2008 డిసెంబరు 22న లోక్‌సభ గందరగోళం మధ్య ఐటీ చట్ట సవరణ బిల్లును చర్చ లేకుండా పాస్ చేసింది, మర్నాడు రాజ్యసభ. అప్పుడున్నది వేరే ప్రభుత్వం. అలా వచ్చిందే 66ఏ. ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశం పంపినా నేరమయ్యేలా రాశారు, మూడేళ్ళ శిక్ష. ఫేస్‌బుక్ పోస్టుకు, కార్టూనుకు జనాన్ని అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆరేళ్ళు అది బతికింది. చిరాకు అంటే ఎంత చిరాకు, ఎవరికి చిరాకు అని ఆ రోజు సభలో ఒక్కరు గట్టిగా పట్టుకుని ఉంటే ఆ అరెస్టుల్లో కొన్నయినా తప్పేవి. కొట్టేశాక కూడా కొన్ని స్టేషన్లలో ఆ సెక్షన్ పెడుతూనే ఉన్నారంటే, తప్పుగా పుట్టిన నేరాన్ని చంపడం ఎంత కష్టమో చూడండి.

చర్చ జరిగిన చోట ఏమవుతుందో కూడా చెప్పాలి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత, చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీకి దాదాపు 80 వేల సూచనలు వెళ్ళాయి. 2013 మార్చిలో క్రిమినల్ చట్టాల సవరణ బిల్లు ఉభయ సభలకు వచ్చింది. అంతకుముందు అఖిలపక్ష సమావేశంలో రెండు విషయాల మీద పట్టుబట్టారు. సమ్మతి వయసు 16 కాదు, 18 ఉండాలన్నది ఒకటి. అమ్మాయిల వెంటపడి వేధించే నేరం మొదటిసారి బెయిలబుల్‌గా, అంటే బెయిలు హక్కుగా దొరికేలా ఉండాలన్నది రెండోది. రెండూ నెగ్గాయి. ఆ మొదటిది నాకు ప్రేమ కేసుల్లో రోజూ ఎదురవుతుంది. పదిహేడేళ్ళ అమ్మాయి ఇష్టపడే వెళ్ళానని చెప్పినా అబ్బాయి జైల్లోనే ఉంటాడు. రెండోది ఇంకోవైపు నుంచి ఎదురవుతుంది. ఒక తల్లి వచ్చి, 'మా పాపను వేధించినవాడు పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి వీధిలో తిరుగుతున్నాడు, ఇదేం చట్టమండీ' అని ఏడ్చింది. కొత్త సంహితలో 78వ సెక్షన్‌గా వచ్చినప్పుడు కూడా మొదటిసారికి బెయిలబుల్‌గానే ఉంచారు. నాకు ఆ నిర్ణయం నచ్చదు. కానీ ఎవరు, ఎందుకు అలా అడిగారో రికార్డుల్లో వెతకవచ్చు, దాన్ని మార్చమని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. చర్చే లేకుండా వచ్చిన నిబంధనకు ఆ ఆధారం కూడా ఉండదు.

మన దగ్గరి అనుభవం, మహిళల మీద నేరాలకు త్వరగా శిక్ష పడాలని తెచ్చిన దిశ బిల్లు. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత, డిసెంబరు 13నే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, 21 రోజుల్లో తీర్పు అన్నారు. ఆ ఆవేశం నాకు అర్థమవుతుంది, ఆ వారం ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. కానీ క్రిమినల్ చట్టం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోది, కేంద్ర చట్టంతో తేడా వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు. ఫోరెన్సిక్ రిపోర్టులకే నెలలు పడుతుంటే వారంలో దర్యాప్తు ఎలా పూర్తవుతుందన్న మాట తాపీగా ఆలోచించే వ్యవధి సభకు దొరకలేదు. ఆ తర్వాత చాలాకాలం 'దిశ చట్టం కింద కేసు పెట్టండి' అంటూ నా దగ్గరకు వచ్చినవాళ్ళు ఉన్నారు. అలాంటి చట్టం అమల్లో లేదని బాధితురాలి తండ్రికి చెప్పడం చాలా కష్టమైన పని.

స్థాయీ సంఘం చెప్పినవన్నీ జరుగుతాయనీ అనుకోవద్దు. 2018లో సుప్రీంకోర్టు కొట్టేసిన వ్యభిచార నేరాన్ని స్త్రీ పురుషులిద్దరికీ వర్తించేలా మళ్ళీ తెమ్మని 2023లో సంఘం అడిగింది. ప్రభుత్వం వినలేదు, నా మటుకు మంచే జరిగింది. అసలు దిగులు పడాల్సింది బిల్లులు సంఘాల దాకా వెళ్ళకపోవడం గురించి. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో వెళ్ళినవి 16 శాతం.

ఇవి చదవాలనుకుంటే సోషల్ మీడియా క్లిప్పులతో మొదలుపెట్టకండి. అక్కడ అరుపులే దొరుకుతాయి. పార్లమెంటు వెబ్‌సైట్లో బిల్లు తీసి, చివర్లో ఉండే ఉద్దేశాలు, కారణాల ప్రకటన ముందు చదవండి. తర్వాత కమిటీ నివేదిక, అందులోనూ అసమ్మతి నోట్లు. చట్టం బలహీనతలు ఎక్కువగా అక్కడే బయటపడతాయి. ఆపైన సవరణల జాబితా. కోర్టులో కూడా ఇవి కొంతవరకు పనికొస్తాయి. మంత్రి ప్రసంగం సెక్షన్ అర్థాన్ని మార్చలేదు, కానీ ఏ సమస్య కోసం ఆ చట్టం తెచ్చారో చూపడానికి వాడుకోవచ్చు. కమిటీ నివేదికలను పరిశీలించవచ్చని 2018లో కల్పనా మెహతా కేసులో రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది.

ఇంకొకటి. బిల్లు కమిటీకి వెళ్ళినప్పుడు ప్రజల అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇస్తుంటారు. సాధారణంగా పదిహేను రోజుల గడువు, ఇంగ్లీషులోనో హిందీలోనో పంపమంటారు. లాయరే రాయాలన్న నియమం లేదు. మీ పనికి, మీ ఇంటికి ఆ క్లాజు ఎక్కడ తగులుతుందో, దాని బదులు ఏమి ఉండాలో రెండు పేజీల్లో రాసి పంపితే చాలు. భాష అడ్డమైతే తెలిసినవాళ్ళతో అనువాదం చేయించండి.