దుబాయి నుంచి ఒమన్‌కు సొంత కారులో: బీమా పత్రం ఉన్నా సరిహద్దులో ఆపితే

వీసా ఉన్నా, యూఏఈ సమగ్ర బీమా పాలసీ చూపినా ఒమన్ సరిహద్దు కేంద్రం అల్ వజాజా వద్ద మీ కారును వెనక్కి పంపారంటే, ఆరెంజ్ కార్డు (అరబ్ దేశాల్లో చెల్లే వాహన బీమా కార్డు) లేకపోవడమే కారణమై ఉండవచ్చు. ఇక్కడి పాలసీ పత్రం ఒక్కటే అక్కడ సరిపోదు.

1. మీ బీమా సంస్థను ఒమన్ కోసం ఆరెంజ్ కార్డు అడిగి తీసుకోండి. దానిపై ఉన్న తేదీలు మీ తిరుగు ప్రయాణం వరకూ వర్తించాలి, ఛాసిస్ నంబరు ముల్కియాతో (వాహన రిజిస్ట్రేషన్ కార్డుతో) సరిపోలాలి.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, దయచేసి మీరు ఆగకండి. ఆరెంజ్ కార్డు మీ వల్ల ఇతరులకు కలిగే నష్టానికే రక్షణ ఇస్తుంది. మీ సొంత కారు మరమ్మతు ఖర్చు రావాలంటే పాలసీలోనే ఒమన్ కవరేజీ ఉండాలి కనుక, అది ఉందో లేదో సంస్థ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని, లేకపోతే అదనపు రుసుము చెల్లించి చేర్పించుకోండి. కుటుంబంతో వెళ్తున్నప్పుడు ఇది వదిలేయదగిన ఖర్చు కాదని నా అభిప్రాయం.

3. ముల్కియా కంపెనీ పేరున ఉంటే, కారును దేశం దాటించేందుకు వారి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ) అసలు ప్రతిని దగ్గర ఉంచుకోండి. అద్దె కారుకూ ఇదే వర్తిస్తుంది.

4. మీ భార్యాపిల్లలకు కూడా వేర్వేరుగా వీసా కావాలి. రాయల్ ఒమన్ పోలీసుల వెబ్‌సైటులో ముందే దరఖాస్తు చేయండి. పాస్‌పోర్టుకు ఆరు నెలలు, యూఏఈ నివాస అనుమతికి మూడు నెలలు గడువు మిగిలి ఉండాలి.