డ్రైయర్ టెంపరేచర్ ఊగుతుంటే పీఐడీ నంబర్ల కంటే ముందు వాల్వ్ చూడండి

మీ ప్రశ్న చదివానండి. ఉప్పుడు బియ్యం మిల్లు, స్టీమ్ రేడియేటర్ మీదుగా బ్లోయర్ తోలే వేడిగాలితో డ్రైయర్, 90 డిగ్రీలు సెట్ చేస్తే 83కీ 97కీ మధ్య ఆరేడు నిమిషాలకోసారి ఊగుతోంది, కంట్రోలర్ తనంతట తానే నంబర్లు లెక్కకట్టే ఆటోట్యూన్ మూడుసార్లు పెడితే మూడుసార్లూ వేరే నంబర్లు వచ్చాయి, పీ (తేడాకి ఎంత గట్టిగా స్పందించాలి) ఎంత, ఐ (మిగిలిన తేడాని కూడబెట్టి ఎంత వేగంగా సరిచేయాలి) ఎంత, డీ (మార్పు వేగానికి ఎంత స్పందించాలి) ఎంత పెట్టాలి అని అడిగారు. ఆ నంబర్లు ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మకండి. కానీ ఆటోట్యూన్ మూడుసార్లు మూడు రకాలుగా చెప్పిందన్న మాటతోనే సగం జబ్బు బయటపడింది. మీ కంట్రోలర్ బాగానే ఉండి ఉంటుంది, అది చెప్పిన మాట రేడియేటర్‌కి స్టీమ్ వదిలే వాల్వ్ వినడం లేదు, లేదా వాల్వ్ వెనక స్టీమ్ నిలకడగా లేదు.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో ఇరవై ఏళ్లు పైనే ఉన్నాను. మండపేట, రామచంద్రపురం వైపు మిల్లులు, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు, ఐస్ ప్లాంట్లు, ఎక్కువ తిరిగింది ఇవే. టెంపరేచర్ ఊగుతోందని పిలిచిన చోట్ల నంబర్లు మారిస్తే సరిపోయినవి చాలా తక్కువ.

ముందు ఒక్క పని చేయండి. ఆపరేటర్‌కి చెప్పి కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టండి, అవుట్‌పుట్ (వాల్వ్‌ని ఎంత తెరుచుకోమంటోందో ఆ అంకె) ఇప్పుడు ఏ శాతం దగ్గర తిరుగుతోందో దాని సగటు దగ్గర ఆపి ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా చూడండి. ఊగడం ఆగిపోతే ఆ ఊపు లూప్‌లోనే (సెన్సార్, కంట్రోలర్, వాల్వ్ కలిసిన చుట్టులోనే) పుడుతోంది, అంటే వాల్వో, ట్యూనింగో (ఆ పీఐడీ నంబర్లో). వాల్వ్ కదలకపోయినా టెంపరేచర్ అలాగే ఊగుతుంటే ఊపు బయటి నుంచి వస్తోంది, బాయిలర్ ప్రెషర్ గేజ్ దగ్గర నిలబడండి. ఊకతో నడిచే బాయిలర్లలో ఫైర్‌మ్యాన్ ఊక వేసినప్పుడల్లా, ఊక కాస్త తడిసినప్పుడల్లా ప్రెషర్ పడుతుంది, లేస్తుంది. ధాన్యానికి ఆవిరి పట్టే బిన్‌కి ఒక్కసారిగా స్టీమ్ వదిలితే డ్రైయర్ లైన్‌లో ప్రెషర్ జారిపోతుంది. దాన్ని పీఐడీ నంబర్లతో సరిచేయాలని చూస్తే జ్వరం వేరే చోట ఉండగా థర్మామీటర్ మార్చినట్టే. డ్రైయర్ లైన్‌కి ప్రెషర్ తగ్గించే వాల్వ్ ఒకటి పెట్టి, ఆ తర్వాత ప్రెషర్ నిలకడగా ఉండేలా చూసుకోవాలి. కనీసం బిన్‌కి స్టీమ్ వదిలేటప్పుడు మెల్లగా తిప్పమని చెప్పాలి.

మీ విషయంలో నా అనుమానం మాత్రం వాల్వ్ మీదే. ఎందుకో చెప్పాలంటే నాకు జరిగింది చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట, ఏప్రిల్ ఆఖరు, దాళ్వా (రబీ) ధాన్యం మిల్లులోకి దిగుతున్న రోజులు. డ్రైయర్ ఎనిమిది పది డిగ్రీలు ఊగుతోంది, ధాన్యం ఒకచోట ఎక్కువ ఎండి బియ్యం పగిలి నూక ఎక్కువ పడుతోంది, ఓనర్ గారికి ఒకటే టెన్షన్. రెండు రోజులు కంట్రోలర్ ముందే కూర్చున్నాను. ఇంటిగ్రల్ టైమ్ (ఐ) పెంచితే ఊగడం నెమ్మదించింది, నాలుగు నిమిషాల ఊపు ఏడు నిమిషాలైంది, కానీ ఆ ఎనిమిది డిగ్రీలు మాత్రం తగ్గలేదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. నంబర్లు మార్చినప్పుడు ఊపు వేగం మారి, ఊపు ఎత్తు దాదాపు అలాగే ఉంటే ట్యూనింగ్‌ని వదిలేసి వాల్వ్ దగ్గరకు వెళ్లాలి. ఆ మాట నాకు అప్పటికి తెలియదు.

రెండో రోజు సాయంత్రం మాన్యువల్‌లో పెట్టి, ఒక కుర్రాడిని కంట్రోలర్ దగ్గర ఉంచి, నేను వాల్వ్ దగ్గరకు వెళ్లి స్టెమ్ (వాల్వ్‌ని తెరిచే, మూసే కడ్డీ) మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీశాను. అవుట్‌పుట్ 38 మీద ఉంది. ఒక్కొక్క శాతం పెంచమన్నాను. 39, గీత కదల్లేదు. 40, 41, 42, కదల్లేదు, యోక్ (స్టెమ్ చుట్టూ ఉండే ఫ్రేమ్) మీద వేలు ఆనించి ఉంచాను కాబట్టి ఆక్చుయేటర్‌లో (కంప్రెసర్ గాలితో స్టెమ్‌ని నడిపే భాగంలో) గాలి ఎక్కి బిగుసుకుంటున్నట్టు తెలుస్తోంది. 43 అనగానే టక్కున వేలికి తగిలింది, గీత మిల్లీమీటరుకు పైగా ఒక్కసారే జరిగింది. ఆ వాల్వ్ మొత్తం నడక 20 మిల్లీమీటర్లు, అంటే అయిదు శాతం ఒక్క గెంతులో దూకింది. కిందికి తగ్గించినా అదే కథ. గ్లాండ్ (స్టెమ్ పక్కల నుంచి ఆవిరి కారకుండా ప్యాకింగ్‌ని నొక్కి ఉంచే చోటు) వైపు చూస్తే నట్లు రెండూ చివరిదాకా బిగించి ఉన్నాయి. అడిగితే ఫైర్‌మ్యాన్ అన్నాడు, "ఆవిరి కారిపోతుంటే మొన్న నేనే బిగించేశానండి" అని. ఆయన తప్పేం లేదు, కారుతుంటే బిగించడం ఎవరైనా చేసేదే. ప్యాకింగ్ ఎండి గట్టిపడిపోయింది, దాన్ని మార్చకుండా బిగిస్తూ పోవడంతో స్టెమ్‌ని పట్టేసింది. మర్నాడు స్టీమ్ ఐసొలేట్ చేసి, లైన్ ప్రెషర్ పూర్తిగా దించి, కొత్త ప్యాకింగ్ వేసి నట్లు సమంగా, కారకుండా ఉండేంత మాత్రమే బిగించాం. పాత నంబర్లతోనే ఒకటిన్నర డిగ్రీలోపు నిలబడింది.

ఆటోట్యూన్ ఎందుకు మోసపోతుందో ఇప్పుడు చూడండి. మన టెంపరేచర్ కంట్రోలర్లలో ఎక్కువ వాటిలో ఆటోట్యూన్ అంటే అవుట్‌పుట్‌ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి కొట్టి, వచ్చిన ఊపు ఎత్తు, ఊపు సమయం కొలిచి నంబర్లు లెక్కకట్టడం. ఆస్ట్రోమ్, హాగ్‌లండ్ అనే ఇద్దరు 1984లో ప్రచురించిన రిలే పద్ధతి ఇది. పద్ధతి మంచిదే, కానీ వాల్వ్ పట్టేస్తుంటే, స్టీమ్ ప్రెషర్ మధ్యలో పడిపోతే అది కొలిచేది మీ డ్రైయర్‌ని కాదు, ఆ పట్టుని, ఆ ప్రెషర్ పడడాన్ని. అందుకే మూడుసార్లకు మూడు సమాధానాలు.

వాల్వ్ తర్వాత సెన్సార్. పీటీ 100 (వేడి పెరిగితే రెసిస్టెన్స్ పెరిగే సెన్సార్) పెట్టి ఉంటారు, 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు, అంటే డిగ్రీకి 0.385. టెర్మినల్ తుప్పు పట్టి ఒక వైరులో ఒక ఓము ఎక్కువైందంటే రెండున్నర డిగ్రీల పైనే తేడా చూపిస్తుంది. మూడు వైర్ల కనెక్షన్ అయినా సరే, మూడింటిలో తేడా సమానంగా ఉంటేనే అది సర్దుకుంటుంది, ఒక్కదానిలో వస్తే సర్దుకోదు. ఇంకొకటి, రైస్ మిల్లులో దుమ్ము గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. డక్ట్‌లోంచి సెన్సార్ బయటకు తీసి చూడండి, దాని మీద పొట్టు దుమ్ము దళసరిగా పేరుకుని ఉంటే అది దుప్పటి కప్పుకున్నట్టే, గాలి మారిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది, ఆ ఆలస్యమే ఊపుని పెంచుతుంది. తుడిచి మళ్లీ పెట్టండి. థర్మోవెల్ (సెన్సార్‌ని దించే లోహపు గొట్టం) లోపల సెన్సార్ అడుగుకి ఆనకుండా వేలాడుతుంటే కూడా ఇదే బాధ.

ఆలస్యం ఎంత చెడ్డదో మన డెల్టాలో పుట్టినవాళ్లకి వేరే చెప్పాలా. ధవళేశ్వరంలో నీళ్లు వదిలితే శివారు చేలకి వెంటనే రావు. ఇంకా రాలేదు కదా అని ఈలోగా తూము ఇంకా ఎత్తితే, ఆ తర్వాత వచ్చే నీటికి చేను మునుగుతుంది. మంచి లస్కరు (కాలవ నీళ్లు చూసే మనిషి) ఎత్తాక ఆగుతాడు, ఎంత ఆగాలో కాలవని బట్టి తెలుసుకుంటాడు. ట్యూనింగ్ అంటే ఆ ఆగడం ఎంతో కొలవడమే.

ఇవన్నీ సరిచేశాక అప్పుడు కొలవండి. మాన్యువల్‌లో టెంపరేచర్ నిలబడ్డాక అవుట్‌పుట్ 40 నుంచి 45కి ఒక్కసారే మార్చండి, ఫోన్‌లో డిస్‌ప్లేని వీడియో తీయండి, అదే మీ ట్రెండ్. ఉదాహరణకి 20 సెకన్లు ఏ కదలికా లేదు, తర్వాత లేవడం మొదలై చివరికి 8 డిగ్రీలు పెరిగి నిలిచింది అనుకుందాం. కంట్రోలర్‌లో కొలత రేంజ్ 0 నుంచి 200 అయితే 8 డిగ్రీలంటే 4 శాతం, అవుట్‌పుట్ అయిదు శాతం మారితే టెంపరేచర్ నాలుగు శాతం మారింది, అంటే డ్రైయర్ గెయిన్ 0.8. ఆ 8 డిగ్రీల్లో 63 శాతం, అంటే 5 డిగ్రీలు, కదలిక మొదలయ్యాక ఎంతసేపట్లో పెరిగాయో చూడండి, 120 సెకన్లు అనుకుందాం. ఆటోలో కూడా అంతే 120 సెకన్ల నెమ్మదితో సెట్‌పాయింట్‌కి చేరితే చాలనుకుంటే, 120ని 0.8తోనూ, 120కి ఆలస్యం 20 కలిపిన 140తోనూ భాగించాలి. 1.07 వస్తుంది, అది పీ. ఇంటిగ్రల్ టైమ్ 120 సెకన్లు. డీ సున్నా. దీన్ని లాంబ్డా పద్ధతి అంటారు. జీగ్లర్, నికోల్స్ 1942లో ఇచ్చిన లెక్క పుస్తకాల్లో ఎక్కువ కనిపిస్తుంది, కానీ అది దూకుడుగా ఉంటుంది, ఒక ఊపు తర్వాత ఊపు నాలుగో వంతుకి తగ్గితే చాలనుకుని కట్టిన లెక్క. ధాన్యం ఎండబెట్టే దగ్గర నాకు నెమ్మదే ఇష్టం.

యూనిట్లు మాత్రం దయచేసి మాన్యువల్ పుస్తకంలో చూసుకోండి. కొన్ని కంట్రోలర్లలో పీ అంటే కంట్రోలర్ గెయిన్, కొన్నింటిలో ప్రపోర్షనల్ బ్యాండ్ (అవుట్‌పుట్ 0 నుంచి 100కి వెళ్లడానికి టెంపరేచర్‌లో ఎంత తేడా కావాలో అది). 100ని గెయిన్‌తో భాగిస్తే బ్యాండ్, పైన వచ్చిన 1.07కి బ్యాండ్ 93 శాతం. కొన్నింటిలో ఆ బ్యాండ్‌ని డిగ్రీల్లోనే అడుగుతారు, అప్పుడు 200లో 93 శాతం, 186 డిగ్రీలు. గెయిన్ పెంచితే లూప్ చురుకవుతుంది, బ్యాండ్ పెంచితే నెమ్మదిస్తుంది. ఐ కూడా అంతే, సెకన్లా, నిమిషాలా, నిమిషానికి ఎన్నిసార్లు అనా. ఒక ప్లాంట్‌లో కంట్రోలర్ కాలిపోతే వేరే కంపెనీది తెచ్చి పాత నంబర్లే కొట్టారు, పాతదానిలో బ్యాండ్ 50, కొత్తదానిలో గెయిన్ 50 అయింది, వాల్వ్ రాత్రంతా పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం. మార్చేముందు పాత నంబర్లని ఫోటో తీసి, తేదీతో నోట్‌బుక్‌లో రాసి ప్యానెల్ తలుపు లోపల పెట్టండి. ఒకసారికి ఒక్క నంబరే మార్చండి, రెండు మూడు ఊపుల సమయం ఆగండి.

పొద్దున చల్లగా ఉన్న డ్రైయర్‌ని ఆటోలోనే మొదలుపెడితే టెంపరేచర్ 90 దాటి బాగా పైకి పోయి దిగుతుంది. అంతసేపూ తేడా కూడబెట్టుకున్న ఇంటిగ్రల్ అది ఖర్చయ్యేదాకా వాల్వ్‌ని మూయనివ్వదు. మాన్యువల్‌లో 80 దాకా తెచ్చి ఆటోకి మార్చండి.

మెయింటెనెన్స్‌లో మన వైపు మొదటి శత్రువు తేమ. కంప్రెసర్ ట్యాంక్ అడుగున డ్రైన్ రోజూ తిప్పండి, వర్షాకాలంలో పూటకోసారి తిప్పినా నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు ఫిల్టర్ రెగ్యులేటర్ దాటితే ఐ బై పీ కన్వర్టర్ (కంట్రోలర్ కరెంట్ సిగ్నల్‌ని వాల్వ్‌కి గాలి ఒత్తిడిగా మార్చేది) లోపలి సన్న రంధ్రం మూసుకుంటుంది, వాల్వ్ బద్ధకంగా కదులుతుంది, మనమేమో ట్యూనింగ్ అనుకుంటాం. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద పచ్చటి చిలుం పడుతుంది. ప్యానెల్‌లో వాడని కేబుల్ రంధ్రాలు మూసేయండి, బల్లులు, చీమలు అక్కడినుంచే వస్తాయి. మోటార్ డ్రైవ్ కేబుళ్లతో కలిపి సిగ్నల్ కేబుల్ లాగకండి, షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయండి. పీఎల్‌సీ (యంత్రాలని నడిపే చిన్న కంప్యూటర్) ఉంటే దాని బ్యాటరీ మార్చేముందు ప్రోగ్రామ్ బ్యాకప్ తీసుకోండి. పాత మోడళ్లలో చాలావాటికి పవర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, లేకపోతే ప్రోగ్రామ్ పోతుంది.

ఈ పనులన్నీ సార్వా (ఖరీఫ్) కోతలకి ముందే చేయించుకోండి. 2018 డిసెంబర్‌లో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది, సరిగ్గా సార్వా ధాన్యం చేతికొచ్చే రోజులు. అలాంటప్పుడు తడిసిన ధాన్యం మీద పడి డ్రైయర్లు రాత్రీ పగలూ తిరగాలి, గ్లాండ్ ప్యాకింగ్ మార్చడానికి గంటసేపు ఆపమన్నా ఎవరూ ఆపరు.

ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. పైన చెప్పిన మాన్యువల్ ప్రయోగాలు డ్రైయర్ టెంపరేచర్ మీదే చేయండి, బాయిలర్ డ్రమ్ లెవెల్ (లోపలి నీటి మట్టం) మీద వద్దు. అక్కడ స్టీమ్ లోడ్ ఒక్కసారిగా పెరిగితే, నీళ్లు తగ్గుతున్నా లోపల బుడగలు ఉబ్బి లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది, తెలియనివాళ్లు నీళ్లు తగ్గించేస్తారు. లో వాటర్ కట్‌ఆఫ్ (నీళ్లు తగ్గితే బాయిలర్‌ని ఆపేసే రక్షణ) ఊరికే ట్రిప్ అవుతోందని దానికి వైరు ముక్కతో జంపర్ వేసి నడుపుతున్న మిల్లు ఒకటి చూశాను. జంపర్ తీసేదాకా అక్కడ పని చేయనని చెప్పి బయట కూర్చున్నాను. ఫ్లోట్ చాంబర్‌లో బురద పేరుకుంది, కడిగితే ట్రిప్పులు ఆగాయి. మీ మిల్లులో అలాంటిది కనిపిస్తే డ్రైయర్ సంగతి తర్వాత, ముందు అది తీయించండి.

రేపు స్టెమ్ మీద గీత గీసి, ఒక్కొక్క శాతం పెంచుతూ ఏ అంకె దగ్గర కదిలిందో రాసి ఇక్కడే పెట్టండి. మాన్యువల్‌లో పెట్టిన ఆ ఇరవై నిమిషాల్లో టెంపరేచర్, బాయిలర్ ప్రెషర్ నిమిషానికోసారి రాసిన కాగితం ఫోటో కూడా కావాలి. వాల్వ్‌కి పొజిషనర్ (స్టెమ్ చెప్పినంత కదిలిందో లేదో చూసి సరిదిద్దే పరికరం) ఉందో లేదో చెప్పండి.