పిస్టల్ పేల్చాక చెవిలో గుయ్‌మంటోంది.. తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 41. గ్రీన్ కార్డు మీద డాలస్‌లో ఉంటున్నాను. షుగర్‌కు మాత్రలు వాడుతున్నా. ఈమధ్య ఫుల్ సైజ్ 9 ఎంఎం సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొన్నాను. చేతి నిండా ఉంది, భయపడినంతగా వెనక్కి తన్నలేదు. శనివారం ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో 100 రౌండ్లు కాల్చాను. పేలినప్పుడల్లా వెనక్కి జరిగే పిస్టల్ పైభాగం (స్లైడ్) తగిలి బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మం చీరుకుంది. చెవులు మూసే ఇయర్‌మఫ్స్ పెట్టుకున్నా నాలుగు రోజులుగా ఎడమ చెవిలో గుయ్‌మంటోంది, దూది కుక్కినట్టుంది. అమ్మ వెల్లుల్లి నూనె పోసుకోమంటోంది. వచ్చేవారం నా భార్య కూడా వస్తానంటోంది. ఆమెకు ఆరో నెల. మాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ముందు చెవి సంగతి చూద్దాం. ఈ వారాంతం దాకా కూడా ఆగొద్దు. రేపే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిసి వినికిడి పరీక్ష (ఆడియోగ్రామ్) చేయించుకోండి. అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత ఇస్తామంటే, తుపాకీ మోత తర్వాత వినికిడి తగ్గిందని స్పష్టంగా చెప్పండి. ఆ మాట చెబితే త్వరగా చూసే అవకాశం ఉంటుంది.

పెద్ద పిస్టల్ బరువుగా ఉంటుంది కాబట్టి తన్ను చేతికి తక్కువగా తెలుస్తుంది. మోత మాత్రం తగ్గదు. 9 ఎంఎం పేలినప్పుడు శబ్దం ఇంచుమించు 160 డెసిబెల్స్‌కు చేరుతుంది. 140 దాటిన పేలుడు ఒక్కటి చాలు, చెవిని దెబ్బతీయడానికి. పైగా నాలుగు గోడల మధ్య కాల్చారు, పక్క లేన్ల మోత కూడా మీ చెవులకే చేరింది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో సన్నటి రోమకణాలుంటాయి. అలసిపోతే అవి ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. చచ్చిపోతే మళ్లీ పుట్టవు. నాలుగో రోజుకీ మీకు దిబ్బడ తగ్గలేదంటే అలసటేనని సరిపెట్టుకోలేం. దీపావళి మర్నాడు మా ఓపీకి వచ్చేవాళ్లదీ ఇదే కథ. వారం ఆగి చూద్దామనుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లే ఎక్కువ.

ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోయలా దిగితే అది మోత చేసిన దెబ్బేనని అనుమానిస్తాం. వినికిడి తగ్గినట్టు తేలితే డాక్టర్ స్టెరాయిడ్లు ఇవ్వొచ్చు. అందరికీ పనిచేస్తాయని హామీ ఇవ్వలేను గానీ, మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఆశ ఎక్కువ. స్టెరాయిడ్ మాత్రలతో షుగర్ బాగా పెరుగుతుంది. అందుకే మీ డయాబెటిస్ గురించి ముందే చెప్పండి, అవసరమైతే కర్ణభేరి గుండా నేరుగా మధ్య చెవిలోకి ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అమ్మగారి నూనె వద్దు. కర్ణభేరి చిల్లుపడి ఉంటే ఆ నూనె లోపలికి పోయి కొత్త తంటా తెస్తుంది.

మఫ్స్ పెట్టుకున్నా ఎందుకిలా జరిగింది? కళ్లజోడు కాడ కింద సందు మిగిలి ఉండొచ్చు, లేదా ఇన్‌స్ట్రక్టర్ మాట వినబడక ఒకసారి పైకెత్తి ఉండొచ్చు. చెవి పూర్తిగా తేరుకుని, పరీక్షలో బాగుందని తేలేదాకా రేంజ్ మాటే ఎత్తకండి. తర్వాత వెళ్తే చెవిలో దూర్చుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్స్, వాటిపైన మఫ్స్, రెండూ ఉండాలి. ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకి లాగి దూర్చి, ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోండి. సగం బయటికే కనిపిస్తుంటే అది పెట్టుకోనట్టే లెక్క. రెండూ పెట్టుకుంటే రక్షణ రెట్టింపవదు, మహా అయితే ఇంకో 5 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇంత మోతకు ఆ అయిదూ కావాలి. మాటలు వినిపిస్తూ పేలుళ్లను మాత్రం అణిచే ఎలక్ట్రానిక్ మఫ్స్ దొరుకుతాయి, అవి కొనండి.

మీ భార్యను తీసుకెళ్లొద్దు. ఆరో నెలకు బిడ్డ చెవి పనిచేయడం మొదలుపెడుతుంది. తల్లి చెవులకు మఫ్స్ పెట్టగలం గానీ పొట్టకు పెట్టలేం కదా! ఇంకో భయం సీసం. తూటాలోనూ, దాన్ని అంటించే ప్రైమర్‌లోనూ సాధారణంగా సీసం ఉంటుంది, కాల్చినప్పుడల్లా పొగతోబాటు గాల్లో కలుస్తుంది. గర్భిణి రక్తంలోకి వెళితే మాయ దాటి బిడ్డకు చేరుతుంది. మీ బాబు విషయంలోనూ అదే జాగ్రత్త. పిల్లలకు ఇంత సీసం పర్వాలేదు అనే మోతాదంటూ లేదు. రేంజ్‌లో ఏమీ తినొద్దు, సబ్బుతో చేతులూ ముఖమూ కడుక్కోండి, ఇంటికొచ్చి బట్టలు మార్చి స్నానం చేశాకే బాబును ఎత్తుకోండి. ఆ బూట్లు గుమ్మం బయటే ఉండాలి. పిస్టల్ ఖాళీగా తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలని నాలుగేళ్ల పిల్లాడున్న ఇంటికి నేను ప్రత్యేకంగా చెప్పాలా?

చేతి గాయం చిన్నదే. స్లైడ్ వెనక్కొచ్చే దారిలో బొటనవేలో, పైకి జరిగిన అరచేయో అడ్డుపడితే ఇలా కోసుకుంటుంది. పట్టు ఎలా ఉండాలో ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. సబ్బు నీళ్లతో కడిగి, పొడిగా ఉంచి కట్టు కట్టుకోండి. షుగర్ ఉంది కాబట్టి ఎర్రబడినా, వాచినా, చీము కనిపించినా చూపించాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్లు దాటిందా? గాయానికి మసి అంటి ఉంటుంది కాబట్టి, చెవి చూపించుకోవడానికి వెళ్లిన రోజే దాని గురించీ అడిగి వేయించుకోండి.