కార్డులోని మనిషి కోసం ఆల్సాస్ దాకా వెళ్లాను

పజిల్ కార్డులు పోగుచేసి, వాటిని విప్పుతూ నిజంగా భూమిలో పాతిపెట్టిన నిధిని వెతికే ఆటను ఒక్కరే ఆడి గెలవగలరా అని నన్ను ఒకరు అడిగారు. గెలవలేరు. 2006, 2007 సంవత్సరాల్లో ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తూ నేను పర్‌ప్లెక్స్ సిటీ అనే అలాంటి ఆట ఆడాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ ఆట కథలో రెసీడా క్యూబ్ అనే వస్తువును ఎవరో దొంగిలించి మన భూమి మీద ఎక్కడో పాతిపెడతారు. తవ్వి తీసినవారికి లక్ష పౌండ్లు. దారి చూపే ఆధారాలు కొన్ని కార్డుల్లో, కొన్ని వెబ్‌సైట్లలో ఉండేవి. మొత్తం కార్డులు 256. ఒక్కో ప్యాకెట్లో ఆరు కార్డులు, లోపల ఏవి ఉన్నాయో చింపేదాకా తెలియదు. ఎరుపువి సులువు, వెండి రంగువి అన్నిటికన్నా కష్టం. కార్డు మీద లాటరీ టికెట్టుకు ఉన్నట్లు గీకే పూత ఉండేది. దాన్ని గీకితే వచ్చే కోడ్‌తో మన జవాబును వెబ్‌సైటులో నమోదు చేయాలి.

రెడింగ్‌లో నలుగురు తెలుగువాళ్లం ఒక ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. ఆదివారం పప్పుచారు, అన్నం అయ్యాక కంచాలు తీసేసి అదే చోట కార్డులు పరిచేవాళ్లం. లెక్కలు, తర్కం ఉన్నవైతే మాకు పండగే. ఇంగ్లిషు మాటల్లో శ్లేష దాచినవి మాత్రం గంటలు కూర్చున్నా తెమిలేవి కావు. సోమవారం ఆఫీసుకు పట్టుకెళితే మా విభాగంలోని యాభై ఏళ్ల ఆవిడ టీ చల్లారేలోపు చెప్పేసేది. ఆవిడ కొడుకు దగ్గర మిగిలిపోయిన లెక్కల కార్డులు మా ఇంటికి వచ్చేవి. ఆ రాకపోకలు లేకపోతే మాకు సగం కార్డులు కూడా తేలేవి కావు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. కార్డును గీకకుండా, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పదేళ్ల తర్వాత మంచి ధరకు అమ్ముకుందామని దాచేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గీకని కార్డంటే ఎవరూ విప్పని కార్డని అర్థం. పొడుపుకథ వేసి, జవాబు చెప్పబోయేవాడి నోరు మూసినట్లుంటుంది. నా కార్డులన్నీ గీకినవే. గోరు గీతలతో సహా అలాగే ఉంచుకున్నాను.

వెండి కార్డుల్లో ఒకదాని మీద రీమాన్ పరికల్పన అనే లెక్కల చిక్కుముడి ఉంది. 1859 నుంచి గణితవేత్తలెవరికీ లొంగనిది, నిరూపిస్తే అమెరికాలోని క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్లు ఇస్తానన్నది. మా ఇంట్లో లెక్కల్లో దిట్ట అయిన మిత్రుడు దాన్ని కళ్లకద్దుకుని పక్కన పెట్టాడు. నన్ను పట్టుకున్నది మాత్రం 256వ కార్డు. పేరు ‘బిలియన్ టు వన్’. దాని మీద ఒక జపాన్ మనిషి ఫోటో, జపాను భాషలో ‘నన్ను కనుక్కో’ అనే మాట. అంతే. లోకంలో ఏ ఇద్దరి మధ్యనైనా ఆరు పరిచయాలకు మించి దూరం ఉండదంటారు కదా, ఆ నమ్మకాన్ని పరీక్షించే కార్డు అది. ఆయన పేరు సతోషి అని తర్వాత తెలిసింది.

మా దగ్గర రెండేసి మూడేసి ఉన్న పదకొండు కార్డులు ఇచ్చి ఆ ఒక్కటి మార్చుకున్నాను. ఆ రాత్రే యొకొహామాలో ఉద్యోగం చేస్తున్న మా బావకు, అంటే మేనమామ కొడుక్కి, ఫోను చేశాను.

“బావా, మీ ఆఫీసులో సతోషి అనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ముగ్గురున్నారు. గుంటూరుకు ఫోను చేసి సుబ్బారావు ఉన్నాడా అని అడిగినట్లుంది నీ వరస” అన్నాడు. అయినా ఫోటో పంపమన్నాడు, ఆఫీసులో అందరికీ చూపించాడు. ఎవరూ గుర్తుపట్టలేదు.

2007 ఫిబ్రవరిలో ఆండీ డార్లే అనే ఆయన నార్తాంప్టన్‌షైర్‌లోని వేకర్లీ గ్రేట్ వుడ్‌లో క్యూబ్‌ను తవ్వి తీశాడు. తవ్వింది ఒక్కడే. కానీ ఆ అడవి దాకా తెచ్చిన ఆధారాల వెనుక వేలమంది విప్పి, పంచుకున్న జవాబులు ఉన్నాయి. బహుమతి వెళ్లిపోయింది కదా అని మా ఇంట్లో మిగతా ముగ్గురూ కార్డులు పెట్టెలో పెట్టేశారు. నేను పెట్టలేకపోయాను. క్యూబ్ ఒక వస్తువు. సతోషి మనిషి. ఎక్కడో అన్నం తింటూ, రైలు ఎక్కుతూ, ఎవరైనా వచ్చి పలకరిస్తారని ఎదురుచూస్తున్న మనిషి.

ఫోటోలో ఆయన వెనుక కనిపించే ఊరు ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతపు కైజర్స్‌బెర్గ్ అని ఆటగాళ్లు పట్టేశారు. ఆ మే నెలలో బయలుదేరాను. బ్రిటన్ పౌరులైన ఆటగాళ్లు అనుకున్న రోజున వెళ్లి వచ్చారు. భారత పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఉన్నవాడికి ఫ్రాన్స్ వెళ్లాలంటే మళ్లీ షెంగెన్ వీసా కావాలి. బ్యాంకు కాగితాలు, ఆఫీసు ఉత్తరం, హోటల్ బుకింగ్. ప్రయాణ కారణం అనే చోట ‘పర్యటన’ అని రాశాను. కార్డులోని మనిషిని వెతకడానికి అని రాసే గడి ఆ దరఖాస్తులో లేదు.

కోల్మార్ నుంచి బస్సు. చుట్టూ కొండవాలు ద్రాక్షతోటలు, పైన శిథిలమైన కోట, కింద కర్రదూలాలు బయటికి కనిపించే ఇళ్ల మధ్య వైస్ అనే చిన్న నది. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టిన ఊరు. ఫ్రెంచి నాకు ముక్క రాదు. కార్డు చేత్తో పట్టుకుని బేకరీలో, మద్యం దుకాణంలో, చర్చి ముందు కూర్చున్న ముసలివాళ్లకు చూపించాను. బేకరీ ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తల అడ్డంగా ఊపి, ఒక రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. సతోషి దొరకలేదు. ఆ పూట వృథా అయిందని నాకు ఈ రోజుకీ అనిపించదు.

ఆయన 2020 డిసెంబరులో దొరికాడు. లారా హాల్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ఒక వెబ్‌సైటు నడిపి ఈ వెతుకులాటను ఆరిపోకుండా కాపాడింది. చివరికి జర్మనీకి చెందిన ఒకతను ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫోటో ఇస్తే ఆచూకీ తెలిసింది. ఒంటరిగా గెలిచినట్లే కదా అంటారు. నేను ఒప్పుకోను. ఆ కార్డు అడిగింది మనిషి నుంచి మనిషికి వెళ్లమని. యంత్రం ఒక్కరినీ పలకరించకుండా ముఖం పట్టేసింది. అదే కార్డు రెండు తెలుగు పెళ్లిళ్లలో చేతులు మారి ఉంటే 2006లోనే తేలిపోయేదని నా గట్టి నమ్మకం. “మీది ఏ ఊరు? ఇంటిపేరు ఏమిటి? ఎవరి తాలూకు?” అన్న మూడు ప్రశ్నలతో డాలస్‌లో ఉన్నవాడికీ తెనాలిలో ఉన్నవాడికీ చుట్టరికం కలిపేవాళ్లం మనం.

వార్త చూసిన వెంటనే యొకొహామాకు ఫోను చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. “బావా, సతోషి దొరికాడు” అన్నాను. బావ నిద్రమత్తులోనే అడిగాడు. “ఏ ఊరట ఆయనది?”