సల్ఫ్యూరిక్ యాసిడ్ దగ్గర పనిచేసేవాళ్ళు దేనికి ఎక్కువ భయపడాలి?

తమ్ముడికి కెమికల్ ప్లాంట్‌లో ఆపరేటర్ జాబ్ వచ్చింది, సల్ఫ్యూరిక్ యాసిడ్ దగ్గర వేస్తారట, ఏం జాగ్రత్తలు చెప్పాలి అని అడిగారు కదా. గ్లౌజులు, గాగుల్స్, నీళ్ళలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్ళు పోయొద్దు, ఇవన్నీ మొదటిరోజే చెప్పి సంతకం పెట్టించుకుంటారు, నేను మళ్ళీ చెప్పను. పటాన్‌చెరు వైపు ఒక యూనిట్‌లో తొమ్మిదేళ్ళు ట్యాంక్ ఫార్మ్‌లో, అంటే పెద్ద ట్యాంకులన్నీ ఉండే చోట చేశాను. నిండు ట్యాంకు జోలికి ఎవడూ పోడు, అందరికీ భయమే. మనుషుల్ని కాల్చేది "ఖాళీ అయింది" అనే మాట.

మే నెల, మిట్టమధ్యాహ్నం. 98 శాతం యాసిడ్ ట్యాంకర్ అన్‌లోడింగ్ అయిపోయింది, పంపు ఆపేశాం, వాల్వులు కట్టేశాం. ట్యాంకర్ డ్రైవర్‌కి ఇంకో ట్రిప్పు ఉంది, హారన్ మీద హారన్. మా హెల్పర్ నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అంటాడు. "ఖాళీ అయింది తమ్మీ, ఇప్పుడే ఇప్పేస్త" అని స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. హోస్ పైపు మధ్యలో ఉయ్యాలలాగా కిందికి వేలాడుతోంది. ఈ యాసిడ్ లీటరు దాదాపు కిలో ఎనిమిది వందల గ్రాములు తూగుతుంది, నూనెలాగా చిక్కగా ఉంటుంది, ఆ వంపులో కదలకుండా కూర్చుంటుంది. ఫ్లాంజ్, అంటే పైపుల్ని బోల్టులతో కలిపే జాయింటు, విప్పేటప్పుడు మనకి అవతలవైపు కింది బోల్టు ముందు లూజు చెయ్యాలి, ఏమైనా ఉంటే అటు కారిపోతుంది. ఆయన చేతికి దగ్గరున్న బోల్టు విప్పాడు.

పడింది ఎంతో కాదు, ఒక టీ గ్లాసుడు ఉంటుందేమో. తొడ మీద పడి ప్యాంటు వెంట జారి సూటిగా గమ్‌బూట్‌లోకి పోయింది, ఎందుకంటే ప్యాంటు బూట్‌లోకి దోపుకున్నాడు. మేమందరం అలాగే దోపుకునేవాళ్ళం, బురద అంటకుండా ఉంటుందని, నీట్‌గా కనిపిస్తుందని. ప్యాంటు బూటు పైనుంచి బయటికి ఉండాలని ఆ రోజుదాకా మాకు ఒక్కడూ చెప్పలేదు.

యాసిడ్ పడితే కడుక్కోవడానికి పెట్టిన సేఫ్టీ షవర్ పన్నెండు అడుగుల దూరంలోనే ఉంది, లాక్కెళ్ళి గొలుసు లాగాను. నీళ్ళొచ్చాయి, కానీ పొయ్యి మీద నుంచి దింపినట్టు సలసలా కాగుతూ వచ్చాయి! పైపంతా ఎండలో వేశారు మరి. ఆయన కేకపెట్టి పక్కకి దూకేశాడు. చివరికి పక్క షెడ్‌లో ఫ్లోర్ కడిగే పైపు తెచ్చి దాంతో పోశాం. బూటు లాగితే సాక్సు నల్లగా అయిపోయి కాలిన కాగితంలాగా పొరలుపొరలుగా ఊడొచ్చింది. ఈలోపు ఒక సీనియర్ వచ్చి "ముందు గుడ్డతో తుడవాలి, నీళ్ళు పోస్తే వేడెక్కుద్ది" అని, ఇంకొకాయన వంటసోడా డబ్బా పట్టుకుని. వేడెక్కేది కొంచెం నీళ్ళు పోస్తే. పైపు పెట్టి ధారగా వదిలితే ఆ వేడిని కూడా నీళ్ళే లాక్కుపోతాయి. గుడ్డ కోసం, సోడా కోసం వెతికే టైమ్‌లో చర్మం పోతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఆగకుండా పొయ్యాలి, బట్టలు విప్పేసి మరీ, సిగ్గు తర్వాత పడొచ్చు.

రిపోర్ట్‌లో ఏం రాశారో తెలుసా, "కార్మికుడి అజాగ్రత్త". షవర్ నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఆడిట్‌కి ముందురోజు దానికి పచ్చ రంగు వేయడం మాత్రం బాగా వచ్చు.

ఖాళీ ట్యాంకుల సంగతీ ఇంతే. చిక్కటి యాసిడ్‌ని మామూలు ఇనప ట్యాంకులోనే పెడతారు, లోపల ఐరన్ సల్ఫేట్ పొర కట్టి ఇనుముని కాపాడుతుంది. అందులోకి నీళ్ళు పోతే యాసిడ్ పలచనై ఇనుముని తినడం మొదలెడుతుంది, హైడ్రోజన్ పుడుతుంది. "ఖాళీయే, నీళ్ళతో కడిగేశాం కూడా" అని వెల్డర్‌ని ఎక్కిస్తారు చూడండి, వాసన కూడా రాని గ్యాస్ మీద నిప్పు పెట్టినట్టే.

సందర్భం వచ్చింది కాబట్టి, ఇళ్ళల్లో బాత్రూం యాసిడ్ కూడా. అది వేరే యాసిడ్, హైడ్రోక్లోరిక్, అయినా కళ్ళకి ఒకటే. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది, పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి అమ్మొద్దంది, కొనేవాళ్ళ వివరాలు రాసుకోమంది. మా వీధి కొట్టులో పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి బిస్కెట్ల పక్కనే పెడతాడు, చిన్నపిల్లాడికైనా ఇచ్చేస్తాడు. అడిగితే "రోజూ అమ్మేదే కదన్నా" అంటాడు.

మీ తమ్ముడికి రెండే చెప్పండి. ప్యాంటు బూటు బయటికి వదలమనండి, ఫ్రెండ్స్ నవ్వినా సరే. జాయినయిన మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి ఆ షవర్ గొలుసు తనే లాగి నీళ్ళ కింద చెయ్యి పెట్టి చూడమనండి. పొద్దున చూస్తే ఏం తెలీదు, చల్లగానే వస్తాయి.