జీఆర్ఈ రైటింగ్‌లో 3 వచ్చింది, మళ్లీ రాయించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్. జీఆర్ఈలో 319 వచ్చాయి, క్వాంట్ (లెక్కల భాగం) 166. అనలిటికల్ రైటింగ్‌లో మాత్రం 3. దీంతో అమెరికాలో ఎంఎస్ సీటు కష్టమని, మళ్లీ రాయించమని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నాడో యూనివర్సిటీకి రాసే వ్యాసం) తామే రాసిస్తామన్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. 6కి 3 వస్తే ఫెయిలైనట్టు కాదు. కంప్యూటర్ సైన్స్ వాళ్ల చూపు ముందు బీటెక్ మార్కులు, క్వాంట్, ప్రాజెక్టుల మీదికే పోతుంది. రైటింగ్‌లో కనీసం ఇంత ఉండాలని పెట్టిన డిపార్ట్‌మెంట్లు ఆ సంగతి వెబ్‌సైట్‌లోనే రాస్తాయి. మీ లిస్టులో అలాంటిది ఒకటో రెండో ఉంటే వాటిని మార్చుకోవడం తేలిక. రైటింగ్ ఒక్కటే మళ్లీ రాయడానికి వీల్లేదు, పరీక్షంతా రాయాలి. పాత క్వాంట్‌కు కొత్త రైటింగ్ జోడించి పంపడమూ కుదరదు.

3 ఎందుకొచ్చిందో చెప్పగలను. 2023 సెప్టెంబరు నుంచి ఉన్నది ఒకే వ్యాసం, అరగంట సమయం. ఇచ్చిన అభిప్రాయంతో నువ్వు ఎంతవరకు ఏకీభవిస్తావు, ఎందుకు అని అడుగుతారు. మన పిల్లలు కోచింగ్‌లో బట్టీపట్టిన ‘టెక్నాలజీ వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’తో మొదలుపెట్టి, రెండు వైపులా చెరో పేరా రాసి, ఎటూ తేల్చకుండా లేచొస్తారు.

నన్ను కంగారుపెట్టింది మీరు మామూలుగా చెప్పేసిన ఎస్ఓపీ సంగతి. మీవాడు పరీక్షలో రాసిన వ్యాసాన్ని కూడా, స్కోరు పంపిన యూనివర్సిటీ తెరిచి చదవొచ్చు. ఒకవైపు తడబడుతున్న ఆ అరగంట ఇంగ్లిష్, పక్కనే దొరబాబులా ఉన్న ఎస్ఓపీ! చదివేవాళ్లకు అనుమానం రాదా? డబ్బిచ్చి రాయించడం మోసమే అవుతుంది, అందులో మీరూ భాగస్వాములే. రెండు తప్పులున్నా పర్లేదు, వాణ్నే రాయనివ్వండి. ఫైనలియర్ ప్రాజెక్టులో తను చేసిన పనేంటో, ఎక్కడ ఇరుక్కున్నాడో రాస్తే చాలు.

ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఎంఎస్ ఎందుకో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పక్కింటివాళ్లబ్బాయి వెళ్లాడనా? చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సైతే మరో రెండేళ్లు. ఆలోగా హెచ్-1బీ ఉద్యోగ వీసా ఎంపికలో పేరు రావాలి. ఏటా ఉన్న కోటా 85 వేలు, పోటీపడేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. ఇల్లు బ్యాంకులో పెట్టి లక్షల్లో లోన్ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి. వెళ్లొద్దనడం లేదు. నిజంగా ఇష్టపడి వెళ్లి బాగుపడినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. కానీ ఇక్కడ మంచి ఉద్యోగం వస్తే రెండేళ్లు చేసి, ఏ స్పెషలైజేషన్ కావాలో తెలిశాక వెళ్లడంలో నామోషీ ఏముంది? జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది.

ఇంతకీ ఉత్తరం మీరెందుకు రాశారు? మీవాడికేం కావాలో వాణ్నే రాయమనండి. తెలుగులో రాసినా సరే.